నంబరుకీ ఒక ఇంటిపేరుంది

మన పల్లెల్లో గర్భవతి అయిన స్త్రీకి ఇవాళ ఎన్ని నంబర్లుంటాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఆధార్ నంబరు ఒకటి, రేషన్ కార్డు నంబరు ఒకటి. ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకోగానే తల్లీబిడ్డల ఆరోగ్య నమోదులో వచ్చే ఆర్‌సీహెచ్ ఐడీ ఒకటి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు ఒకటి. ఆసుపత్రి ఓపీ చీటీ మీద ఒకటి, స్కానింగ్ సెంటర్లో నింపే ఎఫ్ ఫారం మీద మరొకటి. ఆమెకు క్షయ ఉంటే నిక్షయ్ ఐడీ వస్తుంది. హెచ్ఐవీ ఉంటే ఏఆర్‌టీ కేంద్రం రిజిస్టరులో ఇంకో నంబరు పడుతుంది. కాన్పు అయ్యేసరికి ఆమె పేరు కంటే ఆమె నంబర్లే ఎక్కువ చోట్ల తిరిగి ఉంటాయి.

హక్కుల పత్రికకు ఈ అంకెల గొడవ ఎందుకని కొందరు స్నేహితులు అడగవచ్చు. ఇది కంప్యూటరు వాళ్ల పని కదా అనుకోవచ్చు. ఆసుపత్రుల మధ్య రోగుల సమాచారం చేతులు మారే వ్యవస్థ మన కళ్ల ముందే తయారవుతోంది. ఒక స్త్రీకి సంబంధించిన ఏ కాగితం ఏ కాగితంతో కలవాలి, ఏది ఎవరికి కనిపించాలి అనేది ఆ వ్యవస్థలో ఈ నంబర్లే నిర్ణయిస్తాయి. ఆమె శరీరం గురించి ఎవరికి ఏం తెలియాలో నిర్ణయించే చోటు ఎప్పుడూ మన చోటే. అందుకే ఈ సంచికలో ఈ విషయం మీద కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక చిన్న సంగతి అర్థం చేసుకోవాలి. ఊళ్లో ఎవరైనా వచ్చి “లక్ష్మి ఎక్కడుంటుంది?” అని అడిగితే మనం వెంటనే ఏమంటాం? “ఏ లక్ష్మి? ఎవరింటి లక్ష్మి?” అంటాం. ఇంటిపేరో, వీధిపేరో, వాళ్ల అమ్మ పేరో చెబితే తప్ప లక్ష్మి ఎవరో తెలియదు. నంబరు కూడా అంతే. 4521 అని ఒక అంకె చెబితే అది ఎవరిదో తెలియదు. ఏ ఆసుపత్రి ఇచ్చింది, ఏ రిజిస్టరులోది, ఏ సంవత్సరానిది అని చెప్పినప్పుడే అది ఒక మనిషిని చూపిస్తుంది. నంబరు వెనక ఉండే ఈ ‘ఎవరిచ్చింది’ అన్న దాన్ని కంప్యూటరు రంగంలో నేమ్‌స్పేస్ అంటారు. మన భాషలో దాన్ని నంబరుకున్న ఇంటిపేరు అనుకుంటే చాలు.

ఈ ఇంటిపేరు రాయకపోతే ఏమవుతుంది? ఆధార్ నంబరుకు 12 అంకెలు. ఆర్‌సీహెచ్ ఐడీకి కూడా 12 అంకెలే. ఒక కాగితం మీద ‘ఐడీ’ అని మాత్రమే అచ్చువేసి కింద 12 గళ్లు ఇస్తే, అందులో రాసింది ఏ నంబరో తరువాత చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? రెండు ఆసుపత్రుల్లో ఒకే ఓపీ నంబరు ఇద్దరు స్త్రీలకు ఉండటం తప్పేమీ కాదు, ఎవరి పుస్తకం వాళ్లది. ఆ రెండు పుస్తకాలనూ ఒకే కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరి పుస్తకమో రాయకుండా వదిలేసినప్పుడే తప్పు జరుగుతుంది.

ఆసుపత్రుల మధ్య సమాచారం పంపడానికి అంతర్జాతీయంగా వాడే ప్రమాణం ఒకటుంది. దాన్ని ఎఫ్‌హెచ్ఐఆర్ అంటారు, ‘ఫైర్’ అని పలుకుతారు. మన దేశపు డిజిటల్ మిషన్ కూడా దాన్నే తీసుకుంది. అందులో రోగి నంబరు రాసే చోట రెండు ముఖ్యమైన గళ్లుంటాయి. ఒకటి నంబరుకు, రెండోది ఆ నంబరు ఏ వ్యవస్థ ఇచ్చిందో చెప్పడానికి. ఆలోచన చాలా మంచిది. కానీ మూల ప్రమాణంలో ఆ రెండో గడి తప్పనిసరి కాదు. దాన్ని ఖాళీగా వదిలేసినా ఆ ప్రమాణం అభ్యంతరం చెప్పదు. తప్పనిసరి చేయాల్సిన బాధ్యత దాన్ని వాడే ప్రభుత్వాలదీ, ఆసుపత్రులదీ. ఆ గడి ఖాళీగా వెళ్లిందా, నింపి వెళ్లిందా అని అడిగేవాళ్లు లేనప్పుడు ఏమవుతుందో మన కార్యాలయాలు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

దీనివల్ల ప్రాణాల మీదికి ఎలా వస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. ఒకే మండలంలో నాగమణి అనే పేరున్న ఇద్దరు గర్భవతులు ఉన్నారనుకోండి. ఒకరి రక్తం బి పాజిటివ్, ఇంకొకరిది బి నెగెటివ్. నెగెటివ్ రక్తమున్న తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే కాన్పయిన 72 గంటల్లోగా యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తరువాతి గర్భంలో బిడ్డకు ప్రమాదం. ఇద్దరి రికార్డులూ ఒకటే అనుకుని కంప్యూటరు కలిపేసి ‘బి పాజిటివ్’ అని చూపిస్తే ఆ ఇంజెక్షన్ ఇవ్వాలని ఎవరికీ తట్టదు. రెండేళ్ల తరువాత బిడ్డ పోతే కారణం ఒక ఖాళీ గడి అని ఆ తల్లికి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. మళ్లీ ఆమె రాతనే తిడతారు.

కలపకూడనివి కలిపితే ఒక ప్రమాదం. కలవాల్సినవి కలవకపోతే ఇంకో ప్రమాదం. ఇది మన స్త్రీలకే ఎక్కువ ఎందుకో ఆలోచించండి. మన దగ్గర మొదటి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుంది. పేరు నమోదయ్యేది అత్తగారి ఊళ్లో, కాన్పయ్యేది పుట్టింటి దగ్గరి ఆసుపత్రిలో. ఏడో నెలలో రక్తపోటు పెరిగిందని అత్తగారి ఊరి ఏఎన్ఎం రాసింది కాన్పు చేసే డాక్టరుకు కనబడదు. పైగా పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, చిరునామా మారుతుంది. కొన్ని కాగితాల మీద తండ్రి పేరుంటుంది, కొన్నింటి మీద భర్త పేరు. మగవాడి కాగితాలు పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒకే ఇంటిపేరు మీద నడుస్తాయి. స్త్రీ కాగితాలకు ఆ అదృష్టం లేదు. పేర్లు పోల్చి ఇద్దరూ ఒకరేనని తేల్చే కంప్యూటరు పద్ధతులు ఆమె విషయంలో తడబడేది అందుకే. పితృస్వామ్యం ఆమె ఇంటిపేరు మార్చింది. ఆ మార్పు వల్ల వచ్చే నష్టాన్ని కూడా ఆమే భరించాలా?

ఊళ్లు, జిల్లాలు కూడా మారాయి. 2014లో రాష్ట్రం రెండయింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. నంబరులోనే జిల్లా కోడు ఇరికించే పద్ధతి పెట్టుకుంటే సరిహద్దులు మారినప్పుడల్లా పాత నంబర్లు తప్పు చోటును చూపిస్తాయి. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి పనికోసం వలస వెళ్లే స్త్రీల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి నంబరు ఎవరిచ్చారో రాసుకునే పద్ధతి ఊరు పేరు మారినా, ఆసుపత్రి చేతులు మారినా, సాఫ్ట్‌వేర్ కంపెనీ మారినా చెక్కుచెదరకుండా ఉండాలి. పాత నంబరును చెరిపేయకుండా ‘పాతది’ అని గుర్తుపెట్టి ఉంచాలి.

ఇన్ని చిక్కులెందుకు, అందరికీ ఒకే నంబరు ఇచ్చేసి అన్నీ దానికే కట్టేస్తే సరిపోతుంది కదా అని అధికారులు అంటారు. వినడానికి సుఖంగానే ఉంటుంది. డిజిటల్ ఆరోగ్య మిషన్ 2020 ఆగస్టు 15న ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ వచ్చింది. ఆరోగ్య ఐడీ తీసుకోవడం స్వచ్ఛందమని మొదటి నుంచీ చెబుతున్నారు. అయినా 2021లో కోవిడ్ టీకా కోసం ఆధార్ చూపించిన వాళ్లలో చాలామందికి తమకు తెలియకుండానే ఆరోగ్య ఐడీ తయారైందని పత్రికలు రాశాయి. ఆభా ఉన్నవాళ్లకు చీటీ త్వరగా వచ్చి, లేనివాళ్లు పొడుగాటి వరసలో నిలబడాల్సిన చోట స్వచ్ఛందం అన్న మాటకు బలం తగ్గిపోతుంది. ఈ వ్యవస్థలో రికార్డులన్నీ ఒకచోట పోగుచేయరు, ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి, సమ్మతి ఇస్తేనే కదులుతాయి అని రూపకర్తలు చెబుతారు. అది నిజమే, మంచి ఏర్పాటే. అయితే గదులు వేరువేరుగా ఉన్నా అన్నింటికీ ఒకే తాళంచెవి ఉంటే గదులు వేరుగా ఉండి ప్రయోజనమేమిటి?

కంప్యూటర్లు లేని రోజుల్లో మన చట్టాలకు ఈ సంగతి తెలుసు. 1971 గర్భవిచ్ఛిత్తి చట్టం కింద వచ్చిన నిబంధనలు తీసి చూడండి. 1975లో వచ్చినవాటిలోనూ, 2003లో తిరిగి వచ్చినవాటిలోనూ ఒక మాట ఉంది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు ఒక్క అడ్మిషన్ రిజిస్టరులోనే ఉండాలి. కేస్ షీటులో గానీ, ఆపరేషన్ థియేటర్ పుస్తకంలో గానీ, ఆ తరువాతి చికిత్స కార్డులో గానీ ఆమె పేరు రాయకూడదు, ఆ రిజిస్టరులోని వరస నంబరు మాత్రమే రాయాలి. ఆ వరస ఏటా ఒకటితో మొదలవుతుంది కాబట్టి పక్కన సంవత్సరం వేయాలి, 1972లో ఐదో నంబరైతే 5/1972 అని. ఆ రిజిస్టరును ఎవరు పడితే వాళ్లు తెరిచి చూడకూడదు. నేమ్‌స్పేస్ అన్న మాట పుట్టని చోట, నీలం సిరాతో రాసే పుస్తకంలో, ఆమెను కాపాడే నంబరు పద్ధతి ఇది. నంబరు ఏ పుస్తకానిదో, ఏ ఏటిదో చెబుతుంది, బయటివాళ్లకు మనిషి ఎవరో చెప్పదు. 2021 సవరణలో 5-ఎ సెక్షను చేర్చి, చట్టం అధికారమిచ్చిన వ్యక్తికి తప్ప ఆమె వివరాలు ఎవరికీ చెప్పకూడదని మళ్లీ గట్టిగా చెప్పారు.

ఇప్పుడు అదే ఆసుపత్రి కంప్యూటరులో ఆ కేసును ఆభా నంబరుకు కట్టేశారనుకోండి. అప్పుడు 5/1972 వంటి వరస నంబరుకున్న రక్షణ ఒక్క మీట నొక్కుతో పోయినట్లే. ఇంకో వైపు, ఆర్‌సీహెచ్ జాబితాలో గర్భవతిగా నమోదైన స్త్రీకి కాన్పు నమోదు కాకపోతే ఆ ఖాళీ కూడా మాట్లాడుతుంది. 2016లో అప్పటి కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రి మేనకా గాంధీ, ప్రతి గర్భంలోనూ శిశువు లింగం నిర్ధారించి నమోదు చేసి కాన్పు దాకా గమనిస్తూ ఉండాలని బహిరంగంగా సూచించినప్పుడు మహిళా సంఘాలు ఎందుకు వ్యతిరేకించాయో గుర్తు చేసుకోండి. ఆడపిల్లను కాపాడే పేరుతో ప్రతి గర్భవతినీ అనుమానితురాలిగా చూడటానికి మనం ఒప్పుకోలేదు. అప్పుడది ఒక సూచన మాత్రమే. నంబర్లన్నీ ఒకదానికొకటి కట్టి ఉన్న చోట అలాంటి ఆలోచన అమలు చేయడానికి కొత్త చట్టం కూడా అవసరం ఉండదు.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. కొన్నిసార్లు నంబరు కంటే దాని ఇంటిపేరే రహస్యాన్ని బయటపెడుతుంది. ఒక స్త్రీ పంటి నొప్పితో ఆసుపత్రికి వెళ్లిందనుకోండి. పాత రికార్డు నుంచి ఆమె వివరాలు వచ్చాయి. అందులో ఆమెకున్న నంబర్లన్నీ వరసగా ఉన్నాయి. వాటిలో ఒకటి ఫలానా ఏఆర్‌టీ కేంద్రం ఇచ్చింది. ఆమె మందుల గురించి, పరీక్షల గురించి ఒక్క ముక్క పంపకపోయినా చెప్పాల్సిందంతా చెప్పేసినట్లే. హెచ్ఐవీ స్థితిని ఆమె సమ్మతి లేకుండా వెల్లడించకూడదని 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. 2018 సెప్టెంబరు నుంచి అది అమల్లో ఉంది. ఆ చట్టం డాక్టరు నోటికి తాళం వేసింది. నంబరు పక్కనున్న ఆ చిన్న గడికి కూడా తాళం వేయాల్సిన బాధ్యత వ్యవస్థ తయారుచేసే వాళ్ల మీదుంది. కాబట్టి నేను రెండు మాటలూ కలిపే చెబుతున్నాను. ప్రతి నంబరుకూ ఎవరిచ్చారో రాసి ఉండాలి. కానీ ప్రతి నంబరూ ప్రతి చోటికీ ప్రయాణం చేయకూడదు.

ఇక సమ్మతి సంగతి. సమ్మతి అంటే కాగితం మీద ఆమె సమ్మతే. ఆచరణలో అది ఫోనుకు వచ్చే ఓటీపీ. మన ఇళ్లలో ఆ ఫోను ఎవరి జేబులో ఉంటుంది? మా దగ్గరికి వచ్చే స్త్రీలలో తమ పేరు మీద ఫోనున్నా దాన్ని తమ ఇష్టంగా వాడుకోలేని వాళ్లను నేను ఎందరినో చూశాను. ఓటీపీ భర్త ఫోనుకు వస్తే సమ్మతి భర్తదే అవుతుంది. దెబ్బలు తిని సఖి కేంద్రం ద్వారా ఆసుపత్రికి వెళ్లిన స్త్రీ గాయాల కాగితం కొట్టిన వాడి ఫోనులోనే తెరుచుకుంటే, ఆ వ్యవస్థ ఎవరిని కాపాడినట్టు? సాంకేతికంగా అంతా సవ్యంగానే జరిగి ఉంటుంది. నంబరు సరైనదే, ఇంటిపేరు సరైనదే, ఓటీపీ సరైనదే. అయినా ఆమెకు ఆ రాత్రి ఇంట్లో జరగకూడనిది జరుగుతుంది.

వేరే దారి లేదా అంటే ఉంది, మన దేశంలోనే ఉంది. 2018లో ఆధార్ సంస్థ టోకెన్ పద్ధతి తెచ్చింది. ఒకే మనిషి రెండు సంస్థల దగ్గరికి వెళితే ఒక్కో సంస్థకు వేరువేరు 72 అక్షరాల టోకెను వెళ్తుంది. ఆ రెండు సంస్థలూ తమ జాబితాలు పక్కపక్కన పెట్టుకున్నా టోకెన్ల ద్వారా ఈమే ఆమె అని పోల్చుకోలేవు. ఆస్ట్రియాలో 2004 నాటి చట్టంతో ఒక్కో రంగానికి ఒక్కో వేరు గుర్తింపు పెట్టారు. పన్నుల శాఖ దగ్గరున్న దాని నుంచి ఆరోగ్య శాఖ దగ్గరున్నదాన్ని లెక్కగట్టి తెలుసుకోవడం కుదరదు. అంటే నంబర్లను వేరువేరుగా ఉంచుతూ అవసరమైన చోట కలిపే విద్య ఉంది. దాన్ని స్త్రీల ఆరోగ్యానికి వాడాలన్న పట్టుదలే కావాలి.

కలపడంలోనూ రెండు రకాలున్నాయి. రెండు రికార్డులనూ ముద్దగా కలిపేసి ఒకటి చేయడం ఒకటి. రెండింటినీ వేరుగానే ఉంచి మధ్య దారం కట్టడం ఇంకొకటి. ముద్ద చేస్తే తప్పు తెలిసినా విడదీయలేం. దారం కడితే తెంపుకోవచ్చు. ఎఫ్‌హెచ్ఐఆర్ ప్రమాణంలో ఈ రెంటికీ చోటుంది, ‘దీని బదులు ఇది’ అనీ చెప్పవచ్చు, ‘ఇది కూడా చూడండి’ అనీ చెప్పవచ్చు. అనుమానమున్న చోట దారమే కట్టాలి. ఆ దారం ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అని రాసి ఉండాలి. అడిగితే ఆమెకు చూపించాలి.

చట్టం మనకు ఎంతవరకు అండగా ఉంది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. 2018లో ఆరోగ్య సమాచారానికి ప్రత్యేకంగా ఒక చట్టం ముసాయిదా వచ్చింది. అది చట్టం కాలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆరోగ్య సమాచారాన్ని సున్నితమైనదని విడదీసి చూడలేదు. ప్రభుత్వం సంక్షేమ పథకాల కోసం వాడే సమాచారానికి సమ్మతి నుంచి వెసులుబాటు కూడా ఇచ్చింది. మన స్త్రీల ఆరోగ్య సమాచారంలో పెద్ద భాగం ఆ పథకాల్లోనే ఉందని మరిచిపోకూడదు.

ఇంకో మాట చెప్పకుండా ముగించలేను. ఈ నంబర్లన్నీ ఎక్కించేది ఎవరు? ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు. వాళ్లూ స్త్రీలే. పగలంతా ఇళ్లు తిరిగి, రాత్రి సిగ్నలు లేని ఫోనులో గళ్లు నింపుతారు. ఒకే మనిషికి రెండు ఐడీలు పడితే సంజాయిషీ వాళ్లనే అడుగుతారు. ఫారం సరిగా వేయని వాళ్లను ఎవరూ అడగరు. ఈ పనికి శిక్షణ, సమయం, దానికి తగిన వేతనం ఇవ్వకుండా తప్పు మాత్రం వాళ్ల నెత్తిన రుద్దడాన్ని మనం ఒప్పుకోకూడదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ప్రతి ఆరోగ్య పత్రం మీదా నంబరుతో పాటు అది ఎవరిచ్చారో రాయాలి, ఆ గడి ఖాళీగా ఉన్న రికార్డును ముందుకు పంపకూడదు. గర్భస్రావం, హెచ్ఐవీ, మానసిక చికిత్స, హింసకు సంబంధించిన రికార్డుల నంబర్లను ఆమె విడిగా, తెలిసి అడిగితే తప్ప ఏ ఉమ్మడి నంబరుకూ కట్టకూడదు. కట్టిన దాన్ని తెంపే హక్కు ఆమెకుండాలి. సొంత ఫోను లేని స్త్రీ సమ్మతి చెప్పడానికి ఓటీపీ కాకుండా ఇంకో దారి ఉండాలి, అది ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. ఏ నంబరూ లేదన్న కారణంతో ఏ స్త్రీకీ వైద్యం నిరాకరించకూడదు, వరసలో వెనక్కి నెట్టకూడదు.

వచ్చే మూడు నెలల్లో మీరు పెట్టే ప్రతి గ్రామ సమావేశంలో, ప్రతి ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. ఈ నంబరు ఎవరిచ్చారు? ఇది ఎక్కడెక్కడికి వెళ్తుంది? దీన్ని ఇంకో నంబరుతో కలిపే అధికారం ఎవరిది? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వచ్చిన జవాబులనూ, రాని జవాబులనూ మాకు రాసి పంపండి, స్త్రీల పేర్లు మాత్రం రాయకండి. వాటిని పట్టుకుని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ కలుద్దాం.